నూటికి ఇంతమంది

ఇటీవల మా యూరి రచ్చబండకడ నొక వృద్ధుడు నన్ను నిలిపి, “పంతులుగారూ! నిన్న మన బడికి నూటికి పదునైదుగురు రాలేదట. బడిలో నున్నదే అరువది మంది పిల్లలు గదా! నూరుగురు లేనిచోట నూటి లెక్క యెట్లు పుట్టినది?” అని యడిగెను. తెలివిగల ప్రశ్నయే.

శాత మనునది మనుష్యుల సంఖ్య గాదు, ఒక కొలత. నెలకు నూటికి రూపాయి వడ్డీ యన్నప్పుడు, అప్పు ఏబది రూపాయలే యైనను మనము తడుముకొనము, అర్ధరూపాయి యందుము. ఇదియు నంతియే.

పూర్వులు దీనిని త్రైరాశికమున సాధించిరి. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలో నీ పద్ధతి కలదు. ప్రమాణము, ఫలము, ఇచ్ఛ యని మూడు రాసులు. మొదటిదియు కడపటిదియు నొకే జాతివి కావలెను. నడిమిది వేరు జాతిది. పిల్లలు 100 ప్రమాణము, రానివారు 15 ఫలము, మన పిల్లలు 60 ఇచ్ఛ. ఫలమును ఇచ్ఛచే గుణింపగా 900. దానిని ప్రమాణముచే భాగింపగా 9. రానివారు తొమ్మండుగురు.

ప్రశ్న తిరుగబడినప్పుడే పిల్లలును పెద్దలును పొరబడుదురు. “రానివారు 9 మంది, వారు నూటికి 15, బడిలో నెందరు?” అనగానే తొమ్మిదిలో నూటికి పదునైదు తీయుదురు. ఒక పిల్లవాడును మరికొంత ముక్కయు వచ్చును! ఇచట ఇచ్ఛ రానివారు గనుక ప్రమాణమును రానివారే కావలెను. 15 ప్రమాణము, 100 ఫలము, 9 ఇచ్ఛ. 900ను 15చే భాగింపగా 60. కావున నూటికి ఎంత యని వినినంతనే, దేనిలో నూటికి అని యడుగవలెను.

ఈ విషయమున నా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. నేను ఉద్యోగములో నుండగా నొక గ్రామమున ఒక యేట 20 మంది బాలికలు పరీక్షకు కూర్చుండి 16 మంది కృతార్థులైరి, నూటికి 80. మరుసటి యేట 40 మంది కూర్చుండి 28 మంది కృతార్థులైరి, నూటికి 70. గ్రామసభలో నొక పెద్ద లేచి, “నూటికి పది పడిపోయినది. ఆడపిల్లల చదువు చెడినది, మాన్పింపుడు” అనెను. పది తగ్గిన మాట నిజమే. కాని గట్టెక్కిన బాలికలు వెనుకటికంటె 12 మంది హెచ్చు. ఆ 80 ఎందరిలో, ఈ 70 ఎందరిలో అని యడుగవలసినవాడను నేను. ఆ రాత్రి యింట పలకపై వేసికొన్న లెక్కను సభలో వేయనైతిని.

మరునాటినుండి నలుగురు బాలికలు బడికి రాలేదు. నలువదింట నలుగురు, నూటికి పది.