అటకెక్కిన సామాను

వాడుకలో నున్న మంచమును వాడుకయే కాపాడును. దినమున కొకమారు దానిపై పక్క పరచుదుము, దులుపుదుము. చీపురు దాని క్రిందికి పోవును. కాలు కొంచెము కదలిన నాడే ఆ సంగతి మనకు తెలియును. వాడుక మానిన మంచమునకు ఈ పలకరింపు లేదు. మన యిండ్లలో చెడిపోయిన కొయ్య సామాను ఏ కారణమున చెడినదో విచారించి చూచిన యెడల, వాడుట వలన అరిగినది కొంచెమే యనియు, దాచుట వలన పాడైనది హెచ్చనియు మాకు తోచినది.

కొన్ని యేండ్ల క్రిందట అహోబిలపు పార్వేట ఉత్సవమును ధ్వనిముద్రణ చేయుటకై మేము నల్లమల దిగువనున్న పల్లెలకు వెళ్ళితిమి. సంక్రాంతి మరునాడు, కనుమ నాడు, దిగువ అహోబిలమున బయలుదేరు స్వామి పల్లకి సుమారు 40 దినములు చుట్టుపట్ల గ్రామములు తిరుగును. ఫాల్గుణమాసమున జరుగు తన కల్యాణమునకు స్వామి స్వయముగా జనులను పిలువ వచ్చునని అచ్చటివారి విశ్వాసము. పల్లకి ఊరు చేరు దినమున ప్రతి యింట చుట్టములు నిండుదురు. మేము దిగిన యింటి పెద్దమ్మ, వచ్చినవారికి పడకలు చాలక, ఉగ్రాణములో దాచిన టేకు పందిరి మంచమును బయటికి తీయించెను.

ఆ మంచము మూడేండ్లుగా మట్టిగోడకు ఆనించి యున్నది. దుమ్ము పడకుండుటకని దానిని ప్లాస్టిక్కు పట్టాతో చుట్టి తాటితో బిగించిరి. పట్టా విప్పగానే బూజు వాసన కొట్టినది. తలవైపు చెక్కపై మెరుగు ఇంకను నిగనిగలాడుచున్నది గాని, వ్రేలితో నొక్కగా వ్రేలు లోపలికి దిగినది. లోపల కొయ్య లేదు, మట్టి యున్నది.

"మా పెద్ద మనవరాలికిద్దామని పెట్టుకుంటిని నాయనా! స్వామి పల్లకీ ఏటేటా బయటికొచ్చి ఊరూరా తిరిగిపోతాది. మా మంచాన్ని మూడేండ్లు ఎవరూ కదిలిచ్చనే లేదు" అని ఆమె బాధపడెను.

మేము చెప్పదలచిన దంతయు ఆ మాటలోనే యున్నది. దాచుట యనగా మరచుట కాదు. కనబడునట్లు, గాలి యాడునట్లు, కదల్చుటకు వీలగునట్లు ఉంచుటయే దాచుట.

ఇంటికి మించిన సామాను నేడు చాల కుటుంబములలో ఉన్నది. పిల్లలు ఉద్యోగములకై నంద్యాలకో, కర్నూలునకో, హైదరాబాదునకో పోయి రెండు గదుల వాటాలలో కాపురము పెట్టుదురు. తాతలనాటి భోషాణము, పందిరి మంచము, ఉయ్యాల బల్ల ఆ గదులలో పట్టవు. అమ్ముటకు మనసొప్పదు. అందుచేత అవి అటక మీదికో, వెనుక కొట్టములోనికో చేరును. అచ్చట వానికి ఏమగునో ముందు తెలిసికొనవలెను.

మొదటి శత్రువు తేమ. చెట్టు నరికి ఎన్ని యేండ్లైనను కొయ్య గాలిలోని తేమను పీల్చుచు, విడుచుచు ఉండును. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 65 శాతమున్నపుడు, కొయ్యలో దాని పొడి బరువునకు సుమారు 12 శాతము నీరుండును. ఆర్ద్రత 80 శాతమైనచో అది 16 శాతమగును. తేమ తాగిన పలక పొడవున దాదాపు పెరుగదు, అడ్డముగా ఉబ్బును. వానకాలమున బల్ల సొరుగు బిగిసికొని ఎండకాలమున సులువుగా వచ్చుటకు ఇదియే హేతువు. కొయ్యలో నీరు 20 శాతమునకు లోబడి యున్నంత కాలము దానిని కుళ్ళబెట్టు శిలీంధ్రములు పెరుగజాలవు. కావున కొయ్యను ఎల్లకాలము ఎండబెట్టి యుంచనక్కరలేదు. వచ్చిన తేమ తిరిగి పోవుటకు దారి యుంచిన చాలును. ప్లాస్టిక్కు పట్టా ఆ దారినే మూసివేయును. పగటి వేడికి కొయ్యనుండి వెలువడిన ఆవిరి రాత్రి చల్లబడి పట్టా లోపలి వైపున నీరై, తిరిగి కొయ్యకే చేరును. పైగా లక్క మెరుగు వేసిన సామానునకు ఆ పట్టా వేసవిలో అంటుకొనిపోవును.

రెండవ శత్రువు చెదలు. ఇవి నేలలోని పుట్టనుండి వచ్చును. వెలుతురును, పొడిగాలిని ఓర్వలేవు గనుక మట్టితో సన్నని గొట్టములు కట్టుకొని, ఆ చాటున గోడ వెంట ఎగబ్రాకును. కొయ్య పైపొరను వదలి లోపలి భాగమును తినును గనుక, పైమెరుగు చూచి మోసపోవుదుము. టేకు చేవలో టెక్టోక్వినోన్ అను పదార్థ మున్నందున చెదలు దానిని అంతగా ముట్టవు. కాని అదే టేకు చెట్టున బెరడును ఆనుకొని యుండు చేవలేని చెక్కకు ఆ రక్షణ లేదు. మామిడి చెక్కకు అసలే లేదు. పైన చెప్పిన మంచమును ఇంటివారందరు టేకు మంచమనియే అనుకొనిరి. నిజమునకు కోళ్ళు, పట్టెలు, పందిరి గుంజలు మాత్రమే టేకు. తలవైపు చెక్కయు, అడుగు పలకలును మామిడివి.

చెదలు గాక పుచ్చు పురుగు కూడ కలదు. చేవలేని చెక్కను, వెదురును ఇది తొలుచును. గుండుసూది తలంత రంధ్రములు, వాని క్రింద మెత్తని పిండి కనబడిన యెడల పురుగు లోపల నున్నదని గ్రహించి, ఆ వస్తువును తక్కిన వానినుండి వేరుచేయవలెను.

మూడవది బరువు. నెలల తరబడి ఏటవాలుగా ఆనించిన పలక తన బరువుకే వంగును. ఒక కాలు మిట్టన, ఒక కాలు పల్లమున నుంచిన బీరువా మెల్లగా మెలిదిరుగును. ఆపైన దాని తలుపులు సరిగా పడవు.

ఇక స్థలమును గూర్చి యోచింతము. మన రాయలసీమ మట్టిమిద్దెలలో ఉగ్రాణము చల్లగా, చీకటిగా ఉండును. ధాన్యమునకు అది మేలే కావచ్చును గాని, కొయ్యకు గోడలలోని చెమ్మ కీడు. వెలుతురునకై మిద్దెకు ఉంచిన గవాక్షి సరిగా మూయనిచో వాన ఆ దారినే లోపలికి దిగును. గవాక్షి క్రింద ఏ వస్తువును ఉంచరాదు. వాగులు, ఏరులు సమీపమున గలవారు నీరు వచ్చు ఎత్తును కూడ లెక్కింపవలెను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరము మునిగినపుడు ఎన్నియో యిండ్లలో సామాను నీటి పాలయ్యెను. అట్లు తడిసిన కొయ్యను ఎండలో వేయరాదు. ఒక్కసారిగా ఎండిన కొయ్య బీటలు వారును. మంచినీటితో బురద కడిగి, సొరుగులు తీసి, తలుపులు తెరచి, నీడపట్టున గాలికి వారముల తరబడి ఆరనీయవలెను.

స్థలము కుదిరిన పిదప చేయవలసిన పనులు ఇవి. ముందుగా ప్రతి వస్తువును దులిపి, మెత్తని పొడిగుడ్డతో తుడువవలెను. నూనె మరక, తిండి తునకలు మిగిలిన యెడల బొద్దింకలు, ఎలుకలు చేరును. నవారు విప్పి ఉదికి, ఎండబెట్టి, చుట్టగా చుట్టి వేరుగా ఇనుప పెట్టెలో దాచవలెను. నల్లులున్న మంచమును అటకెక్కించిన అవి చచ్చునని కొందరు తలంతురు. నల్లి ఆహారము లేకయే నెలల తరబడి బ్రతుకగలదు. కావున ముందు దానిని వదిలించి, తరువాతనే దాచవలెను.

విప్పదగిన మంచమును విప్పియే ఉంచుట మేలు. ఏ కోడు ఏ మూలదో తెలియునట్లు అతుకు రెండు ప్రక్కలను ఒకే అంకె వేసిన కాగితము కట్టవలెను. మరలను, చీలలను చిన్న గుడ్డసంచిలో వేసి పట్టెకే కట్టవలెను. ఈ చిన్న పని మరచినవారు, మరల బిగించునాడు వడ్రంగిని పిలిచి కొత్త రంధ్రములు వేయించుకొందురు.

తరువాత నేలనుండి ఎత్తు. మన ప్రాంతపు బేతంచెర్ల నాపరాయి ఇందుకు చక్కగా అక్కరకు వచ్చును. ప్రతి కాలి క్రిందను నాలుగైదు అంగుళముల ఎత్తున రాతి ముక్కలను సమముగా పేర్చవలెను. రాతిని చెదలు తినవు గాని, రాతి మీదుగా ఎగబ్రాకగలవు. ఐనచో ప్రయోజనమేమని అడుగవచ్చును. రాయి చెదలను ఆపదు, బయటపెట్టును. నల్లని రాతిపై ఎఱ్ఱమట్టి గొట్టము దూరమునుండియే కనబడును. కాలు నేలకు ఆనియున్న యెడల, చెదలు కాలి అడుగునుండియే లోపలికి దూరును. అపుడు మనకేమియు కనబడదు. ఈ కారణముననే గోడకును సామానునకును నడుమ జానెడు ఎడమైనను ఉండవలెను. ఆ సందులో దీపము పట్టి చూచిన గోడ కనబడవలెను.

పలకలను సమమైన మూడు ఆధారములపై పడుకోబెట్టవలెను, లేదా నిలువుగా నిలుపవలెను. అద్దపు తలుపులను ఎన్నడును పడుకోబెట్టరాదు. పేము కుర్చీలపై మరి యే బరువును పెట్టరాదు. బీరువా, భోషాణముల మూతలు గాలి యాడునంతగా ఓరగా తెరచి యుంచవలెను. ఇనుప బీరువాకు గీత పడి రంగు పోయినచోట ముందే రంగు పూయనిచో అచ్చటనే త్రుప్పు మొదలగును. పైకప్పుటకు పాత నూలుచీరయో, పంచెయో చాలును. అది దుమ్మును ఆపును, గాలిని ఆపదు.

ఈ విషయమై మేము ప్రసంగించిన ప్రతిసారియు శ్రోతలు మందులను గూర్చి అడుగుచుందురు. కాళ్ళ క్రింద నీళ్ళ గిన్నెలు పెట్టుట తిండి బీరువాకు చీమలు పట్టకుండుటకు మంచిదే. దాచిన సామానునకు మాత్రము అది చెమ్మను పెంచును, దోమలను పెంచును. వేపాకు బట్టల పెట్టెలో ఉంచవచ్చును గాని, దానిని నమ్మి చెదలను మరువరాదు. కిరసనాయిలు పూయుట నిప్పునకు చోటిచ్చుటయే. ఒకప్పుడు చెదల మందులుగా వాడిన ఆల్డ్రిన్, డైఎల్డ్రిన్, క్లోర్డేన్ మొదలగునవి 2001లో కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందమున ప్రపంచమంతట మానివేయవలసిన విషముల పట్టికలో చేరినవి. అటకపై పేరులేని పాత పొడి డబ్బాలున్న యెడల వానిని వాడవలదు, పిల్లలకు అందనీయవలదు. చెదలు నేలలో బలముగా నున్నచో, శిక్షణ పొందినవారిచేత మందు పెట్టించుటయే క్షేమము.

మందు కన్న ముఖ్యమైనది చూపు. నెల కొకమారు, జ్ఞాపకమునకై పున్నమి నాడని పెట్టుకొనిన సరి, దీపము తీసికొని పోయి నాలుగు వైపుల చూడవలెను. చెక్కను వ్రేలి కణుపుతో తట్టవలెను. గట్టి కొయ్య గట్టిగా పలుకును, డొల్ల కొయ్య డొల్లగా పలుకును. మృగశిర కార్తెకు ముందొకమారు, స్వాతి కార్తె వెళ్ళిన పిదప ఒకమారు సామానునంతను కదలించి, తుడిచి, ఒక దినము నీడలో గాలికి ఉంచవలెను. పని పూటకు మించదు.

ఆ పూట తీరిక మాకు లేదని, ఎత్తుటకు మనుషులు లేరని అనువా రుందురు. అది నిజమే కావచ్చును. పెద్దవారిద్దరే మిగిలిన యిండ్లు నేడు పెక్కు. అట్టివారికి మా సలహా ఒక్కటే. ఏటికి రెండుమారులైనను కదలింపలేని వస్తువును దాచవలదు. అది గట్టిగా నున్నపుడే కావలసినవారికి ఇచ్చివేయవలెను. కొత్త కాపురము పెట్టినవారు బంధువులలో ఉందురు. బల్లలు చాలని బడి ఊరిలోనే ఉండవచ్చును. ఇచ్చిన మంచము మరియొక యింట మంచముగా నుండును.

ఆ పెద్దమ్మ యింట మరునాడు వడ్రంగి వచ్చి మంచమును విప్పి ఒక్కొక్క ముక్కను తట్టి చూచెను. మామిడి పలకలు పొయ్యిలోనికి పోయినవి. టేకు కోళ్ళు, పట్టెలు, గుంజలు చెక్కుచెదరలేదు. వానికి కొత్త పలకలు బిగించుటకు అతడు ఒప్పుకొనెను. బాగైన పిమ్మట దానిని ఎచ్చట ఉంచుదువని మేము ఆమె నడిగితిమి.

"ఈడ పెట్టను నాయనా! పెండ్లి దాకా ఏమిటికి? ఆ పిల్ల నంద్యాలలో నేల మీద పండుకోని చదువుకుంటా ఉంది. ఈ వారమే బండికెక్కిస్తా" అనెను.