ఏడాది దాటిన బిడ్డకు కూరగాయల గ్రాటిన్

ఏడాది నిండాక చాలామంది పిల్లలు కూర ముక్క నోటికి తగలగానే ఉమ్మేస్తారు. విసిగిన తల్లులు పాలు, బిస్కెట్లతో సరిపెడతారు. కడుపు నిండుతుంది గాని, ఎదుగుదలకు కావలసినవి అందవు. అలాంటి పిల్లలకు గ్రాటిన్ చేసి చూడండి. ఇది ఫ్రాన్స్ దేశపు వంటకం. ఉడికిన కూరగాయల మీద చిక్కటి పాల సాస్ పోసి, పైపొర ఎర్రబడేవరకు కాలుస్తారు.

ఎందుకు మంచిది?

క్యారెట్, గుమ్మడికాయలలోని బీటా కెరోటిన్‌ను శరీరం విటమిన్ ‘ఎ’గా మార్చుకుంటుంది. కంటిచూపుకు ఇది అవసరం. అది ఒంటికి పట్టాలంటే కొంత కొవ్వు కావాలి. ఇందులోని వెన్న, పాలు ఆ పని చేస్తాయి. పిల్లల పొట్ట చిన్నది కనుక కొద్ది ముద్దలలోనే తగిన శక్తి అందుతుంది.

కావలసినవి (ముగ్గురు పిల్లలకు)

క్యారెట్ 1, బంగాళాదుంప 1, గుమ్మడికాయ చిన్న ముక్క, పచ్చి బఠానీ గుప్పెడు, వెన్న 1 టేబుల్ స్పూను, గోధుమపిండి 1 టేబుల్ స్పూను, కాచిన పాలు 1 కప్పు, తురిమిన చీజ్ 2 స్పూన్లు, బ్రెడ్ పొడి కొద్దిగా.

తయారుచేసే విధానం

1. కూరగాయలను చిన్న ముక్కలుగా తరిగి, వేళ్లతో నొక్కితే నలిగేంత మెత్తగా ఉడికించాలి. బఠానీలను తప్పక మెదపాలి.
2. సన్నని సెగమీద వెన్న కరిగించి, పిండిని పచ్చివాసన పోయేవరకు వేయించాలి. పాలు కొద్దికొద్దిగా పోస్తూ, ఉండ కట్టకుండా చిక్కబడేవరకు కలపాలి.
3. నెయ్యి రాసిన గిన్నెలో కూరగాయలు పరచి, సాస్ పోసి, చీజ్, బ్రెడ్ పొడి చల్లాలి.
4. ఓవెన్‌లో 180 డిగ్రీల వద్ద 20 నిమిషాలు ఉంచాలి. ఓవెన్ లేనివారు మందపాటి గిన్నెలో ఇసుక పోసి, స్టాండు పెట్టి, మూతవేసి 10 నిమిషాలు వేడిచేయాలి. తర్వాత గ్రాటిన్ గిన్నెను స్టాండుపై పెట్టి, మూతవేసి సన్నని సెగమీద అరగంట ఉంచాలి. పైన అంతగా ఎర్రబడకపోయినా రుచి తగ్గదు.

జాగ్రత్తలు

• చీజ్‌లోనే ఉప్పు ఉంటుంది. వేరే ఉప్పు వేయవద్దు.
• పైన చల్లారినా లోపల సాస్ చాలాసేపు మరుగుతున్నట్లే ఉంటుంది. విడదీసి, కలిపి, మీరు వేడి చూసుకున్నాకే పెట్టండి.
• గట్టిపడిన అంచులు తీసేయండి, గొంతుకు అడ్డుపడవచ్చు.
• పాలు లేదా గోధుమ పడని పిల్లలకు ఇది పెట్టవద్దు.

ఒక్క మాట మరువవద్దు. ఈ వంటకంలో ఇనుము తక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 6 నెలల నుండి 5 ఏళ్లలోపు పిల్లలలో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి అదే రోజు మరో పూట ఆకుకూర పప్పు, గుడ్డు లేదా మెత్తగా ఉడికించిన మాంసం పెట్టండి. బిడ్డ మొదటిసారి ముఖం తిప్పుకుంటే బలవంతం చేయవద్దు. నాలుగు రోజులు ఆగి మళ్లీ ఒక్క స్పూను పెట్టి చూడండి. కొత్త రుచి అలవాటు కావడానికి కొందరు పిల్లలకు పది, పదిహేను సార్లు పడుతుంది.