పిడికెడు బియ్యం, ససూన్ల పద్దు

గొలుగొండ ప్రాంతపు సంఘాల్లో తల్లులు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి దేవుని పేర పక్కన పెట్టడం మనకు తెలిసిందే. తిన్నాక మిగిలినది కాదు, వండక ముందే తీసినది. యూదులు దానాన్ని 'సెదాకా' అంటారు. హెబ్రీలో ఆ మాటకు మూలార్థం దయ కాదు, నీతి. పొలం అంచుల పంట పేదలకు విడిచిపెట్టాలని లేవీయకాండము 19వ అధ్యాయంలో దేవుడు ఆజ్ఞాపించాడు కదా! అది పేదవాని హక్కు అన్నమాట.

ఆ ఆజ్ఞను వ్యాపారంలోకి తెచ్చిన కుటుంబం ఒకటి మన దేశంలోనే ఉండేది. డేవిడ్ ససూన్ 1792లో బాగ్దాదులో పుట్టాడు. తండ్రి అక్కడి యూదులకు పెద్ద, పాషాకు కోశాధికారి. పాలకుని వేధింపులకు ఊరు విడిచిన డేవిడ్ 1832లో బొంబాయి చేరాడు. వ్యాపారం ఎంత పెరిగినా విశ్రాంతి దినాచారం తప్పలేదు. కంపెనీ లావాదేవీల్లో దానానికి వాటా తీసి పద్దు రాసేవారు. బైకుల్లాలోను, పుణెలోను సమాజమందిరాలు ఆయన కట్టించినవే. ఆయన విరాళంతో మొదలైన పుణె ససూన్ ఆసుపత్రి 1867లో తెరుచుకుంది. 1864లోనే కన్నుమూసిన ఆయన దాన్ని చూడలేదు. నేటికీ అక్కడ బీదలకు వైద్యం అందుతోంది. మనుమడు జేకబ్ కూడా సోదరులతో కలిసి తండ్రి పేర 1884లో బొంబాయి కోట ప్రాంతంలో మందిరం కట్టించాడు.

ఇక్కడితో ఆపితే సగం సత్యమే చెప్పినట్లు. ఆ సంపదలో పెద్ద భాగం చైనాకు పంపిన నల్లమందుది. అప్పటి చట్టం దాన్ని అనుమతించింది, నిజమే. కాని వేశ్య జీతాన్ని దేవుని మందిరానికి తేవద్దన్న ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం ఆ కుటుంబం చదువుకున్న గ్రంథంలోనిదే. యూదుడైన జక్కయ్య ఆస్తిలో సగం బీదలకిస్తానని ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. పుణె రోగులకు ససూన్లు ఇచ్చారు. చైనాలో ఆ మత్తుకు బలైన ఇళ్లకు ఎవరిచ్చారు?

ఇది మనకు దూరపు కథ కాదు. ఏజెన్సీ నుంచి నర్సీపట్నం మీదుగా గంజాయి దిగుతూ పట్టుబడిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. అలాంటి సొమ్ము రేపు కవరులో మన మందిరానికే వస్తే? చందా పుస్తకంలో పేరు రాసే ముందు, "ఇది ఎక్కడిది బాబూ?" అని ఎవరు అడుగుతారు? స్లాబు సగంలో ఆగి, వానాకాలం ముంచుకొస్తుంటే ఆ ప్రశ్న నోట రావడం ఎంత కష్టమో సంఘపెద్దలకే తెలుసు.