ప్రసూతి వైద్యంలో రెసిడెన్సీ శిక్షణ

ఎం.బి.బి.ఎస్. పూర్తి చేసినవారు ప్రసూతి వైద్య నిపుణులు కావాలంటే మూడేళ్ల ఎం.ఎస్. కోర్సు చదవాలి. ఈ కాలంలో వారిని జూనియర్ రెసిడెంట్లు అంటారు. పూర్వం శిక్షణ పొందే వైద్యులు ఆసుపత్రిలోనే నివసించేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. వీరు విద్యార్థులూ, వైద్యులూ కూడా. నేర్చుకునేవారి చేతిలో తల్లీబిడ్డల ప్రాణాలకు ముప్పు రాకుండా ఏ ఏర్పాటు ఉందో ఈ భాగంలో తెలుసుకుందాం.

శిక్షణ క్రమం

ఇందులో బాధ్యతను మెట్లు మెట్లుగా అప్పగిస్తారు. రెసిడెంటు మొదట చూస్తారు, తర్వాత సాయం చేస్తారు, ఆపైన సీనియర్ పక్కన ఉండగా తానే చేస్తారు. చివరి మెట్టులో, పిలిస్తే సీనియర్ వచ్చే దూరంలో ఉంటారు. చేసిన పనులను లాగ్‌బుక్‌లో రాస్తే అధ్యాపకులు పరిశీలించి సంతకం చేస్తారు.

ఎప్పుడు పిలవాలి?

సిజేరియన్ చేయడం ఎంత ముఖ్యమో, సీనియర్‌ను సకాలంలో పిలవడం అంతే ముఖ్యం. దీనికి తోడ్పడేది పార్టోగ్రాఫ్ అనే పటం. గర్భాశయ ముఖద్వారం తెరుచుకోవడాన్ని, బిడ్డ గుండె వేగాన్ని, తల్లి నాడిని, రక్తపోటును ఇందులో గుర్తిస్తారు. 1972లో ఫిల్‌పాట్, కాసిల్ అనే వైద్యులు రొడీషియాలో (నేటి జింబాబ్వే) ఇందులో హెచ్చరిక గీతను చేర్చారు. దూరపు కేంద్రాల్లోని మంత్రసానులు గర్భిణిని పెద్దాసుపత్రికి ఎప్పుడు పంపాలో తెలుసుకోవడానికే ఆ గీత.

ఉదాహరణకు, రాత్రి 2 గంటలకు ముఖద్వారం 4 సెం.మీ. తెరుచుకుంది అనుకోండి. గంటకు 1 సెం.మీ. చొప్పున ఉదయం 6కి 8 సెం.మీ. కావాలి. అప్పటికీ 5 దగ్గరే ఉంటే హెచ్చరిక గీత దాటినట్లే. అందరికీ కాన్పు ఒకే వేగంతో సాగదు కనుక, 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ లెక్కను సవరించి, ఒక్కో సెంటీమీటరుకు వేరు గడువు పెట్టింది. గడువు దాటితే పిలవాలన్న సూత్రం మాత్రం మారలేదు.

జిల్లా రెసిడెన్సీ

పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచేయాలని 2020లో నిబంధన తెచ్చారు. దీని అవసరం మన ప్రాంతంలో స్పష్టంగా కనిపిస్తుంది. సీతంపేట కొండల నుంచి ఒక సవర గర్భిణి పాలకొండ మీదుగా శ్రీకాకుళం చేరేసరికి విలువైన గంటలు గడిచిపోతాయి. అక్కడినుంచి విశాఖపట్నం కె.జి.హెచ్.కు పంపాలంటే మరో వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. కాన్పు తర్వాత రక్తస్రావం మొదలైతే కొద్ది గంటల్లోనే ప్రాణం పోవచ్చు. రిఫరల్ చీటీలో రోగనిర్ధారణ ఉంటుంది. దారిలో గడిచిన కాలం తరచుగా ఉండదు. జిల్లాలో పనిచేసిన రెసిడెంటు ఆ కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడం నేర్చుకుంటారు.

కాబట్టి పిలవడం చేతకానితనం కాదు, శిక్షణలో భాగమని గ్రహించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

మీ ఊరి నుంచి సిజేరియన్ సౌకర్యమున్న ఆసుపత్రికి రాత్రివేళ ఎంత సమయం పడుతుంది? హెచ్చరిక గీత ఉపయోగాన్ని దానితో ముడిపెట్టి ఐదు వాక్యాల్లో రాయండి.