ఒకే పిండితో రెండు ఫోన్లకు యాప్!

యాప్ చేయించడమంటే లక్షల మాట, మనవల్ల ఎక్కడవుతుందని చాలామంది ఆడవాళ్ళు అటువైపే చూడరు. మా పరవాడలో ఫార్మాసిటీకీ, సింహాద్రి ఎన్టీపీసీకీ షిఫ్టులకు వెళ్ళేవాళ్ళు ఎందరో! వాళ్ళకు క్యారేజీలు, పొడులు, పచ్చళ్ళు అమ్మాలనుకునే డ్వాక్రా సంఘం ఆర్డర్ల కోసం యాప్ పెట్టుకోవాలంటే ఏం తెలిసుండాలి?

ఆండ్రాయిడ్‌కు ఒకటి, ఐఫోన్‌కు ఒకటి విడిగా రాయిస్తే పని రెండింతలు. ఇక్కడే హైబ్రిడ్ యాప్ అక్కరకొస్తుంది. ఒకే పిండి ఇడ్లీ పాత్రలో ఇడ్లీ, పెనం మీద దోశ అవుతుంది కదా, అలాగన్నమాట. వెబ్ పేజీలు రాసే పద్ధతిలోనే లోపలి పనంతా ఒక్కసారి రాస్తారు. కార్డోవా, కెపాసిటర్ వంటివి దాన్ని రెండు రకాల ఫోన్లకూ యాప్‌గా మారుస్తాయి. పెద్ద పెద్ద ఆటలకు ఇది అంతగా నప్పదు గానీ, ఆర్డర్లకూ పద్దులకూ చక్కగా సరిపోతుంది.

ఇక ఖర్చు. గూగుల్ ప్లేలో ఖాతాకు 25 డాలర్లు, ఒక్కసారే. ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు. పైగా ఐఫోన్ యాప్ తయారీకి మ్యాక్ కంప్యూటర్ కావాలి. కనుక ముందు ఆండ్రాయిడ్‌లో విడుదల చేసి, నాలుగు డబ్బులొచ్చాక రెండోది చూసుకోవచ్చు. పిండి ఎలాగూ సిద్ధంగానే ఉంటుంది!

విడుదలకు ముందు ఒక గడప దాటాలి. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే, కనీసం 12 మంది వరుసగా 14 రోజులు యాప్‌ను పరీక్షించేవాళ్ళుగా ఉండాలని గూగుల్ నియమం. మొదట 20 మంది అన్నారు, 2024 డిసెంబరులో తగ్గించారు. వీళ్ళకోసం డబ్బిచ్చి ఎవరినో వెతకడమెందుకు? సంఘంలోనే పది పన్నెండు మంది ఉంటారాయె! అక్షరాలు కనిపిస్తున్నాయా, తడిచేత్తో నొక్కితే ఆర్డరు రెండుసార్లు పడుతోందా, సిగ్నల్ లేకపోతే ఏమవుతోంది? ఇవి మనకంటే బాగా ఎవరు చెప్తారు? రోజూ ఓ నోటుపుస్తకంలో రాసి, యాప్ రాసే కుర్రాడికివ్వండి. పరీక్ష ఎలా జరిగిందని తర్వాత గూగుల్ అడిగినప్పుడు ఆ పుస్తకమే జవాబు.

అన్నిటికన్నా ముఖ్యం, ఖాతా సంఘంలో ఒకరి పేరుమీదే తెరవండి, రాసే కుర్రాడి పేరుమీద వద్దు. కొత్త ఫోన్లకు తగ్గట్టు యాప్‌ను ఎప్పటికప్పుడు మారుస్తూ ఉండాలి. లేకపోతే కొత్తగా ఫోన్ కొన్నవాళ్ళకు అది ప్లేలో కనిపించదు. అతను రేపు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళిపోతే, ఖాతా మన దగ్గరుంటే ఇంకొకరిచేత ఆ పని చేయించుకోవచ్చు. వంట ఎవరు చేసినా, కొట్టుగది తాళంచెవి మన కొంగునే ఉండాలి కదండీ!