బిడ్డల భృతిలో మూడో వంతు ఎవరిది?

హైదరాబాదు, గుంటూరు, కర్నూలు వంటి పట్టణాల నుంచి మన ఆడబిడ్డలెందరో వివాహమై అమెరికాకు తరలివెళ్లారు. వారిలో కొందరి సంసారాలు దురదృష్టవశాత్తు విడాకులతో ముగుస్తున్నాయి. బిడ్డలు తల్లి వద్ద ఉంటారు. తండ్రి నెలనెలా భృతి చెల్లించాలని న్యాయస్థానం ఆదేశిస్తుంది. తండ్రి చెల్లించడు, బకాయి పేరుకుపోతుంది. ఆ సమయంలో, ముందుగా ఒక్క డాలరు కూడా ఇవ్వనక్కరలేదంటూ ప్రైవేటు వసూలు కంపెనీలు ఆ తల్లిని ఆశ్రయిస్తాయి. అవసరంలో ఉన్న తల్లి ఒప్పందంపై సంతకం చేస్తుంది. వసూలైన సొమ్ములో దాదాపు మూడో వంతు కంపెనీకి పోతుందన్న సంగతి చాలామందికి తర్వాత గాని బోధపడదు.

బిడ్డల అన్నవస్త్రాల భారం తండ్రిదేనని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 233వ ఆయతు స్పష్టం చేస్తోంది. భర్త చాలినంత ఇవ్వడం లేదని హింద్ (రజి) మొరపెట్టుకున్నప్పుడు, తనకూ బిడ్డలకూ సరిపోయేంత ధర్మసమ్మతంగా తీసుకోవచ్చని దైవప్రవక్త (సఅసం) అనుమతించారు. నఫఖా దానం కాదు, బిడ్డల హక్కు. కనుక ఆ సొమ్ము మధ్యలో ఎవరి చేతికి పోతున్నదో విచారించడం తల్లికి తప్పు కాదు, బాధ్యత.

అమెరికాలో ఈ వసూలు కోసం ప్రభుత్వ వ్యవస్థ 1975 నుంచే ఉంది. ప్రతి రాష్ట్రంలోనూ చైల్డ్ సపోర్ట్ కార్యాలయం పనిచేస్తుంది. దరఖాస్తు రుసుము 25 డాలర్లకు మించదు. కొన్ని కుటుంబాలకు, ఏడాదిలో కనీసం 550 డాలర్లు వసూలైనప్పుడు, 35 డాలర్ల వార్షిక రుసుము ఉంటుంది. ఆదాయపు పన్ను వాపసును పట్టి బకాయికి జమ చేయించడం, బకాయి 2,500 డాలర్లు దాటితే పాస్‌పోర్టు నిరాకరింపజేయడం వంటి అధికారాలు ప్రభుత్వ వ్యవస్థకే ఉన్నాయి. ప్రైవేటు కంపెనీకి అవి లేవు.

ఒక ఉదాహరణ చూద్దాం. నెలకు 600 డాలర్ల భృతి తండ్రి జీతం నుంచే కోతపడి వస్తోందనుకుందాం. ఒప్పందం ప్రకారం బకాయిపైనే గాక నెలసరి భృతిపైన కూడా మూడో వంతు కంపెనీకి చెందితే, నెలకు 200 డాలర్లు, ఏడాదికి 2,400 డాలర్లు బిడ్డలకు దక్కకుండా పోతాయి. కంపెనీ ఏ ప్రయత్నమూ చేయకపోయినా ఈ కోత ఆగదు. ఒప్పందం విరమించుకోవాలన్న ఆలోచన తల్లులకు కలిగేది ఇక్కడే.

అయితే భక్తి గల సహోదరిని ఒక సందేహం బాధిస్తుంది. ఒప్పందాలను నెరవేర్చమని మాయిదా సూరా మొదటి ఆయతు ఆదేశిస్తున్నది గదా, మధ్యలో విరమిస్తే వాగ్దానభంగం కాదా? ఈ సందేహం మెచ్చదగినదే. కాని ఒప్పందంలోనే వ్రాసి ఉన్న విరమణ షరతును వినియోగించుకోవడం ఒప్పందాన్ని పాటించడమే గాని ఉల్లంఘించడం కాదు. కంపెనీ నిజంగా శ్రమించి వసూలు చేసినదానికి న్యాయంగా రావలసిన రుసుము చెల్లించాలి. చేయని పనికి, చట్టం అనుమతించని కోతకు తలవంచవలసిన పని లేదు.

చట్టం అన్ని రాష్ట్రాల్లో ఒకేలా లేదు. కాలిఫోర్నియాలో సంతకం చేసిన తేదీ, రద్దు పత్రం అందిన తేదీ, ఈ రెంటిలో ఏది తర్వాతిదైతే దాని నుంచి 15 పని దినాలలోగా ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. కంపెనీ ఒప్పందాన్ని గాని చట్టాన్ని గాని తీవ్రంగా ఉల్లంఘిస్తే ఎప్పుడైనా రద్దు చేయవచ్చు. ఇతర రాష్ట్రాల్లో ఉన్నవారు తమ రాష్ట్ర నిబంధనను ముందుగా తెలుసుకోవాలి.

విరమించదలచిన సహోదరి చేయవలసిన పనులు ఇవి. మొదట ఒప్పందాన్ని ఆసాంతం చదవాలి. గడువెంత, ఏ సొమ్ముపై రుసుము, విరమణకు ఎన్నాళ్ల ముందు తెలియజేయాలి అన్నవి గుర్తించాలి. రెండవది, ఇంతవరకు ఏ తేదీన ఎంత జమ అయిందో ప్రభుత్వ కార్యాలయం నుంచి లెక్క తీసుకోవాలి. మూడవది, విరమణ లేఖను సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, నకలునూ అందిన రసీదునూ భద్రపరచాలి. ఫోనులో చెప్పిన మాట సాక్ష్యంగా నిలవదు. ఇచ్చిపుచ్చుకోవడాలను వ్రాసిపెట్టుకోవాలన్న ఖుర్ఆన్ బోధ ఇక్కడ ఎంత ఉపయోగకరమో గమనించండి. నాలుగవది, కంపెనీకి ఇచ్చిన అధికార పత్రాన్నీ బ్యాంకు అనుమతినీ అదే లేఖలో ఉపసంహరించుకోవాలి. అయిదవది, భృతి చెల్లింపులు అందజేసే రాష్ట్ర కార్యాలయంలో తన చిరునామా, ఖాతా నమోదై ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. పలువురు ఈ పని మరచిపోతారు. ఒప్పందం ముగిసినా చిరునామా మారకపోతే సొమ్ము కంపెనీకే చేరుతుంది.

కంపెనీ అంగీకరించకపోతే రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు. ఉచిత న్యాయ సహాయ సంస్థల సలహా తీసుకోవడం మేలు. ఒప్పందం రద్దయితే బకాయి కూడా పోతుందేమోనని భయపడనక్కరలేదు. 1986 నాటి సవరణ ప్రకారం గడువు దాటిన ప్రతి వాయిదా తీర్పుతో సమానం. దాన్ని వెనుకటి తేదీతో తగ్గించే అధికారం న్యాయస్థానానికి సైతం లేదు.

ఇక్కడ ఉన్న తల్లిదండ్రులకూ ఒక మనవి. దూరదేశంలోని కూతురు ఫోనులో ఈ కష్టం చెప్పుకుంటే ఓర్చుకొమ్మని ఊరుకోకండి. కాగితాలు తెప్పించుకుని, తెలిసినవారిచేత చదివించండి. ఇక తండ్రులకు మేము చెప్పదలచింది ఒక్కటే. మీరు సకాలంలో చెల్లిస్తే మీ బిడ్డల నోటి ముద్దలో మూడో వారికి వాటా ఉండదు. అల్లాహ్ మనందరికీ హక్కుదారుల హక్కులు చెల్లించే సద్బుద్ధిని ప్రసాదించుగాక!