మరచెంబు నేర్పిన పాఠము

మోటారుసైకిలునకు నూనె మార్చుట మగవారి పనియని మనలో పలువురు తలంతురు. కాని మరచెంబు మూత బిగింప నేర్చిన చేతికి ఈ పని క్రొత్త గాదు.

1985వ సంవత్సరమున మన దేశమున వెలువడిన హీరోహోండా సీడీ 100 తరగతి బండి, మా నాయనగారిది, నేటికిని మాయింట నున్నది. తొలిసారి దానికి నూనె మార్చినపుడు, దారిలో నూనె కారునేమో యను భయముచే, అడుగు బోల్టును పొడవైన పానాతో బలముకొలది బిగించితిని. పానా యొక్కసారిగా తేలికపడెను. మర తెగినదని మరునాడు నేలపై నూనె మడుగు చూచిన పిమ్మటగాని తెలియలేదు.

కారణ మిది. బోల్టు ఉక్కుది, ఇంజను అడుగు అల్యూమినియపుది, మెత్తనిది. అతిగా బిగించిన మెత్తని లోహపు మరయే చీలును. నూనె కారిపోయినచో రాపిడిచే వేడెక్కి, నడుచుచున్న బండి చటుక్కున బిగిసి నిలిచిపోవచ్చును. వెనుక బిడ్డ కూర్చుండియున్న వేళ అట్లు జరిగిన నేమగునో చెప్పనేల?

కావున ఇంజనును కొలదినిమిషములు నడిపి, ఆపి, గోరువెచ్చని నూనెను పళ్లెములోనికి తీయవలెను. బోల్టును, రంధ్రమును శుభ్రముగా తుడిచి, క్రొత్త వాషరు వేయవలెను. నూనె నాపునది మన బలము గాదు, నలిగి సందు మూయు నా వాషరే.

పిమ్మట బోల్టును వ్రేళ్లతో పట్టి, మరచెంబు మూతవలె మొదట వెనుకకు త్రిప్పవలెను. మర కుదిరినచోట చిన్న తొట్రుపాటు తెలియును. అచ్చట నుండి ముందునకు, చివరివరకు వ్రేళ్లతోనే త్రిప్పవలెను. నడుమ పట్టినచో పానా తగిలింపక, విప్పి మరల మొదలిడవలెను.

పానా పని తుదనే. ఇట్టి 12 మిల్లీమీటర్ల బోల్టునకు సుమారు 25 న్యూటన్ మీటర్ల బిగువు చాలును. అనగా పావు మీటరు పానా చివర 10 కిలోల బరువు వ్రేలాడినంత. పానా పొడవు రెట్టింపైన సగము బలమే చాలును. మీ బండి పుస్తకమున నున్న లెక్కయే ప్రమాణము. ఆ లెక్కకు తగినట్లు బిగించు టార్కు పానాలు అంగళ్లలో దొరకును.

నూనె పోసి, కొంతసేపు నడిపి, మరునాటి యుదయమున అడుగున చుక్క యున్నదేమో చూడుడు. నాకైతే పనివాడు ఉక్కుతీగచుట్టతో క్రొత్త మర నమర్చి యిచ్చెను. బలమున్నంత బిగించుట జాగ్రత్త గాదు. చాలినచోట చేయి నిలుపుటయే జాగ్రత్త.